మా తమ్ముడు సరిహద్దులో చనిపోలేదు

రామతీర్థం రోడ్డు నుంచి మా ఊరికి తిరిగే మలుపు దగ్గర మా తమ్ముడి ఫ్లెక్సీ మొదటిసారి చూసినప్పుడు నేను ఆటోలో ఉన్నాను. వాడు చనిపోయాడన్న కబురు ముందురోజు సాయంత్రం వచ్చింది. శవం ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు కూడా లేరు. ఫ్లెక్సీ మాత్రం వచ్చేసింది.

వెనక తెల్లటి మంచుకొండలు, పక్కన యుద్ధట్యాంకు, పైన విమానాలు. మధ్యలో ఎవరిదో పెద్ద ఒళ్ళు, దాని మీద అతికించిన మా తమ్ముడి ముఖం. కింద వరసగా చేతులు జోడించి నవ్వుతున్న పెద్దమనుషులు. చావు ఫ్లెక్సీలో నవ్వుతున్న ఫొటో వేయించుకోకూడదని కూడా వాళ్ళకి తోచలేదు. పెళ్ళి ఫ్లెక్సీలకి, పుట్టినరోజు ఫ్లెక్సీలకి వాడిన ఫొటోలే అవి.

ఆటో ఆపమన్నాను. "ఈ మంచు ఎక్కడిది?" అని అడిగాను, అడగాల్సిన మనిషి అతను కాకపోయినా.

"ఆర్మీ అంటే మంచే కదమ్మా" అన్నాడు డ్రైవరు.

అతని తప్పేమీ లేదు. అతనికి అలాగే చూపించారు.

మా తమ్ముడు చనిపోయిన చోట మంచు లేదు. ఆఫ్రికా మధ్యలో, పేరు సరిగ్గా పలకడానికే నాకు చాన్నాళ్ళు పట్టిన ఒక దేశంలో, ఎర్రమట్టి బాట మీద, మండుటెండలో చనిపోయాడు. వాడు ఎవరి మీదకీ యుద్ధానికి వెళ్ళలేదు. ఆ దేశంలో రెండు వర్గాలు కొట్టుకు చస్తుంటే మధ్యలో నలిగిపోయే జనాన్ని కాయడానికి చాలా దేశాలు కలిసి సైనికుల్ని పంపుతాయి. శాంతిసేన అంటారు. నీలం రంగు టోపీ పెట్టుకుంటారు. మన దేశం నుంచి వెళ్ళిన బృందంలో వాడొకడు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వాడి శవం ఊరికి వచ్చి, కాలి బూడిదయ్యేవరకూ ఈ నాలుగు ముక్కలు ఒక్క మైకులోనూ వినపడలేదు.

అమ్మానాన్నలకి మేమిద్దరమే. నాన్న పల్లంలో వరి, మెట్టలో గోగు, నువ్వులు వేస్తాడు. నన్ను అరసవల్లి ఇచ్చారు. మా ఆయనకి గుడి రోడ్డులో పూజాసామాన్ల కొట్టు ఉంది. నేనూ కొట్లో కూర్చుంటాను. తమ్ముడు నాకన్నా చాలా చిన్నవాడు. వాణ్ణి చంకనేసుకుని తిప్పినదాన్ని.

వాడు ధైర్యవంతుడని చిన్నప్పుడు ఎవరూ అనుకోలేదు. ఇంట్లో కోడిని కోస్తుంటే చూడలేక పెరట్లోకి పోయేవాడు. కూరయ్యాక మాత్రం అందరికన్నా ముందు కంచం పట్టుకుని కూర్చునేవాడు. నోరు మూతపడేది కాదు. బస్సెక్కితే దిగేలోపల పక్క సీటు మనిషి ఊరు, చుట్టాలు, మోకాలి నొప్పి అన్నీ కనుక్కునేవాడు. మా వైపు ఇంటరు పూర్తయిన మగపిల్లలు తెల్లారగట్ల రోడ్డు మీద పరుగు పెట్టడం మామూలే. ఆర్మీ సెలక్షన్ల కోసం. వాడూ పరిగెత్తాడు. మొదటిసారి పరుగులో తప్పాడు. మళ్ళీ వెళ్తే ఛాతీ చాలలేదన్నారు. ఆ తర్వాత నెగ్గాడు. ఎవరైనా దేశభక్తి గురించి మాట్లాడితే నవ్వేవాడు.

"ముందు ఉజ్జోగం కోసమే ఎల్తన్నానప్పా. ఎల్లినాక దేశం కోసం సేస్తాను" అనేవాడు నాతో. మా వైపు అక్కని అప్ప అంటారు.

వాడి గురించి ఒక్క సంగతి చెప్పమంటే నేను ఇది చెబుతాను. తలకెత్తుకునే మోపు ఏదైనా, కట్టెలదైనా గోగుదైనా, ఇంకో మనిషి చెయ్యి వేస్తేగాని లేవదు. పొలంలో అమ్మకి ఎత్తిపెట్టేది వాడే. అంతటితో ఊరుకునేవాడు కాదు. సైకిలు మీద వెళ్తూ రోడ్డు పక్కన మోపు దింపుకుని ఎవరొస్తారా అని చూస్తున్న ఆడమనిషి కనపడితే ఆగి ఎత్తి వెళ్ళేవాడు. కాలేజీకి ఆలస్యమయ్యేది. "ఊరందరి మోపులూ నీవేనేటిరా?" అని అమ్మ తిట్టేది. మర్నాడు మళ్ళీ అంతే.

ఆఫ్రికా వెళ్ళాక వీడియో కాల్ చేసేవాడు. సిగ్నలు దొరికినప్పుడే. ఒకసారి ఫోను కిందకి తిప్పి నేల చూపించాడు. "మట్టి సూడప్పా. మన మెట్ట నాగే ఉన్నాది. ఈల్లు జొన్న అంబలి తాగుతారు. అమ్మ సోడంబలి నాగే. ఉప్పు మాత్రం తక్కువేస్తారు."

వాళ్ళ డ్యూటీ ఒక పెద్ద క్యాంపు దగ్గర. ఇళ్ళు తగలబడి పారిపోయి వచ్చినవాళ్ళు గుడారాలు వేసుకుని ఉండే చోటు అది. తిండిగింజలు ఎవరో ఇస్తారు గాని వండుకోవడానికి కట్టెలు ఎవరివ్వాలి? అడవికి వెళ్ళాలి. ఆడవాళ్ళే వెళ్ళేవారు. మగాళ్ళు ఎందుకు వెళ్ళరని అడిగాను నేను, కాస్త ఎగతాళిగానే.

వాడు చూపు పక్కకి తిప్పుకుని చెప్పాడు. "అడివిలో తుపాకులోల్లు ఉంటారప్పా. మగోడు దొరికితే సంపేస్తారు. ఆడోల్లు దొరికితే పాడు సేసి ఒగ్గేస్తారు. పేనాలైనా మిగులుతాయని ఆడోల్లే ఎల్తన్నారు. మావొచ్చినాక ఆల్ల కూడా కాపలా ఎల్తన్నాం. ఇప్పుడెవులూ ఆల్ల జోలికి రానేదు."

తన పని గురించి వాడు నాతో అంత తృప్తిగా మాట్లాడింది అదొక్కసారే. ఉద్యోగం కోసం వెళ్ళినవాడికి ఆ ఉద్యోగం ఎందుకో అక్కడ తెలిసినట్టుంది.

చనిపోయాడన్న ఫోను నాన్నకి హిందీలో వచ్చింది. నాన్నకి హిందీ రాదు. "హా, హా" అని విని పెట్టేశాడు. ఏదో సెలవు సంగతి అనుకున్నాడు. కాసేపటికి తెలుగు వచ్చిన మనిషి చేత మళ్ళీ చేయించారు. ఆయన కొత్తవలస వైపు హవల్దారు, తమ్ముడి బృందంలోనే పనిచేసేవాడు. ఆయన చెప్పాక నాన్న ఫోను అమ్మ చేతికిచ్చి చావిట్లో నేల మీద కూర్చుండిపోయాడు. అమ్మే నాకు ఫోను చేసింది. "రాయే" అంది. ఆ ఒక్క ముక్కకే నేను అర్థం చేసుకున్నాను.

మర్నాడు నేను ఇంటికి చేరేసరికి టీవీ వాళ్ళున్నారు. అప్పటికే తెర మీద అక్షరాలు పరిగెడుతున్నాయి, ఉగ్రవాదుల దాడిలో మన జిల్లా జవాను బలి అని. ఒకాయన అమ్మ ముఖం మీద మైకు పెట్టాడు.

"అమ్మా, పక్క దేశానికి మీరేం చెప్పాలనుకుంటున్నారు?"

అమ్మ తెల్లబోయి చూసింది. "ఏ పక్క దేశం బాబూ?" అంది.

ఆ ముక్క వాళ్ళు వెయ్యలేదు. ఆ తర్వాత అమ్మ ఏడ్చిన ముక్క వేశారు, విషాదం పాట వెనక పెట్టి. నేను బయటికెళ్ళి ఆ మైకు మనిషితో చెప్పాను, వాడు చనిపోయింది ఆఫ్రికాలో, సరిహద్దులో కాదు అని. "అవునండీ, తెలుసండీ" అన్నాడు. తెలుసట. తెలియక రాస్తే క్షమించవచ్చు. తెలిసి రాసినవాణ్ణి ఏమనాలి?

విశాఖ విమానాశ్రయం నుంచి మిలిటరీ లారీలో తీసుకొచ్చారు. విజయనగరం దాటినప్పటి నుంచి ముందూ వెనకా మోటారుసైకిళ్ళు. జెండాలు పట్టుకుని, సైలెన్సర్లు తీసేసి, వీధి అదిరేలా. ఊళ్ళోకి వచ్చేసరికి నినాదాలు. మా తమ్ముడి పేరు ఒకసారి, పక్క దేశానికి చావు పదిసార్లు. ఆ దేశానికీ మా తమ్ముడి చావుకీ ఏ సంబంధమూ లేదు. నిజానికి ఆ దేశపు సైనికులు కూడా అక్కడ అదే నీలం టోపీ పెట్టుకుని కాపలా కాస్తున్నారని, ఒకసారి వాళ్ళ మనుషులతో కలిసి టీ తాగానని వాడే నాకు చెప్పాడు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏటే, ఈల్లు ఎవులి కోసం అరుస్తన్నారు? నా కొడుకు కోసమేనా?"

నేను ఆమెని దగ్గరికి లాక్కుని లారీ వైపు నడిచాను.

చితి దగ్గర గాలిలోకి తుపాకులు పేల్చారు. ఆ తర్వాత మా నియోజకవర్గం నాయకుడు మైకు తీసుకున్నాడు. గొంతు బాగుంటుంది ఆయనకి. సరిహద్దులో శత్రువుకి ఎదురు నిలిచి, గుండె చూపించి, ఒక్కొక్కణ్ణి మట్టి కరిపించి నేలకొరిగాడన్నాడు. మా వాడి నెత్తురుకి బదులు తీర్చుకుంటామన్నాడు. జనం ఈలలు వేశారు. చావు దగ్గర ఈలలు. మంట ఇంకా సరిగ్గా అంటుకోనే లేదు.

శవంతో వచ్చిన కొత్తవలస హవల్దారు ఓ పక్కన అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ఆయన చూపు మంట మీద లేదు, నేల మీద ఉంది. జనం పోయాక ఇంటికి రమ్మన్నాం. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ముందు నేనే అడిగాను, కోపంగానే.

"మీకు తెలుసు కదా అన్నా, అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"దారిలోనే సెప్పినానమ్మా ఆ నాయకుడి మనుసులకి, ఆఫ్రికా అని. సరేలే అన్నారు. మైకు నా సేతికి రానేదు. అడిగి తీసుకునే అదికారం మాకు నేదు." ఆ తర్వాత, "మీకైనా సెప్పాలని వచ్చినాను" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఆ రోజు ఆడవాళ్ళు కట్టెలకెళ్ళి తిరిగొస్తున్నారు. ముందు కొందరు జవాన్లు, వెనక కొందరు. మా తమ్ముడు అందరికన్నా వెనక. ఒక ముసలామె మోపు కట్టు ఊడిపోయింది. మళ్ళీ కట్టుకుని, ఎత్తేవాళ్ళు లేక నిలబడిపోయింది. వీడు ఆగాడు. మోపు ఎత్తుతుండగా పొదల్లోంచి కాల్పులు మొదలయ్యాయి. వీడు ఆమెని పక్కనున్న నీళ్ళెండిపోయిన గెడ్డలోకి తోసేసి, ఆ గట్టు మీదే పడుకుని తిరిగి కాల్చాడు. మిగిలినవాళ్ళని బండి దాకా చేర్చడానికి అది చాలింది. వీడి మెడకి తగిలింది. హెలికాప్టరు వచ్చేసరికి అయిపోయింది. ఆడవాళ్ళలో ఒక్కరికీ ఏమీ కాలేదు. మర్నాడు వాళ్ళంతా జవాన్ల క్యాంపు గేటు ముందుకొచ్చి నేల మీద కూర్చుని ఏడ్చారట.

"ఆల్ల బాస మనకి తెల్దు గాని, ఏడుపు మన నాగే ఉంటాదమ్మా" అన్నాడాయన.

అమ్మ అప్పటిదాకా గోడకి ఆనుకుని వింటోంది. "ఆ ముసలమ్మ బతికే ఉన్నాదా?" అని అడిగింది.

"ఉన్నాదమ్మా."

"మోపు?"

"అక్కడే పడిపోనాదమ్మా."

"అయితే ఆ పూట ఆయమ్మ పొయ్యి ఎలిగినాదో నేదో" అంది అమ్మ. అని, అప్పుడు ఏడ్చింది. చితి దగ్గర ఏడవలేదు. వాళ్ళు చెప్పిన వీరుడెవరో ఆమెకి తెలియదు. మోపు ఎత్తినవాడు ఆమె కొడుకు. వాడి కోసం ఏడ్చింది.

ఆ కథే మైకులో చెప్పి ఉంటే ఊళ్ళో ఒక్క మనిషి కళ్ళైనా తడవకుండా ఉండేవా? నాకు ఇప్పటికీ అర్థం కానిది అదే. ఉన్నది ఉన్నట్టు చెబితే వాడు తక్కువవుతాడని ఎందుకనుకున్నారు?

కొన్ని నెలలకి, ఫ్లెక్సీ కట్టిన మలుపు దగ్గరే విగ్రహం పెడదామన్న మాట వచ్చింది. ఊరి కుర్రాళ్ళు చందాలేశారు, నాయకుడు తనవంతు ఇచ్చాడు, కాబట్టి అది నాయకుడు పెట్టించిన విగ్రహమైపోయింది. మమ్మల్ని ఒక ఫొటో అడిగి పట్టుకెళ్ళారు. తర్వాత ఏమీ అడగలేదు. విగ్రహం తయారయ్యే షెడ్డుకి నాన్న వెళ్ళి చూసి వచ్చాడు. అన్నం దగ్గర కూర్చుని, "మీసం పెట్టినారు" అన్నాడు. వాడికి మీసం సరిగ్గా వచ్చేది కాదు. ఉన్న నాలుగు వెంట్రుకలూ నున్నగా గీసేసేవాడు. బొమ్మకి మాత్రం కొమ్ములు తిరిగిన మీసం. చేతుల్లో ఎవరి మీదకో గురిపెట్టిన తుపాకీ. కాలి కింద రాయి. నెత్తిన ఇనప టోపీ. కింద పెట్టే నల్లరాతి మీద రాయబోయే మాటలు కూడా నాన్న చూశాడు. సరిహద్దులో శత్రుమూకలతో పోరాడి వీరమరణం పొందిన అని మొదలవుతుంది. దాని కింద నాయకుడి పేరు, మా తమ్ముడి పేరుకన్నా పెద్ద అక్షరాల్లో.

నేను నాయకుడి ఆఫీసుకి వెళ్ళాను. మా ఆయన వస్తానన్నాడు గాని కొట్టు చూడాలి కదా అని ఒక్కదాన్నే వెళ్ళాను. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక మర్యాదగానే మాట్లాడాడు. టీ తెప్పించాడు. నేను సంగతంతా చెప్పాను. మీసం ఉండనివ్వండి, రాయి మీద మాట మార్చండి చాలన్నాను.

"అమ్మా, నేను కాదనను. కాని ఆఫ్రికా అంటే మన జనానికి ఏం తెలుస్తుంది? సరిహద్దు అంటే అందరికీ అర్థమవుతుంది."

"చెబితే తెలుస్తుంది కదండీ."

ఆయన చిరునవ్వు నవ్వాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా అన్నాడు. "కట్టెలేరుకునే ఆడాళ్ళ కోసం పోయాడని రాతి మీద చెక్కిస్తామా తల్లీ? మీ తమ్ముడి గౌరవం తగ్గదూ?"

"మా అమ్మ కట్టెలేరే మమ్మల్ని పెంచిందండీ" అన్నాను. "మీ అమ్మగారు కూడా ఏరే ఉంటారు."

గదిలో ఉన్నవాళ్ళు ఆయన ముఖం వైపు చూశారు. టీ గ్లాసు చప్పుడయ్యేలా పెట్టాడు. "సర్లే అమ్మా, చూద్దాం" అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆఫీసులకి తిరిగినవాళ్ళందరికీ తెలుసు. నేను టీ తాగకుండా వచ్చేశాను.

రాయి మారలేదు. విగ్రహం ఆవిష్కరణ రోజున షామియానా, కుర్చీలు, ఊరు పట్టనంత పెద్ద సౌండు బాక్సులు. అమ్మని స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. తెర లాగే తాడు అమ్మ చేతికిచ్చారు. టీవీ వాళ్ళు ముందుకి వచ్చారు. అమ్మ తాడు పట్టుకుని అలా నిలబడిపోయింది. లాగలేదు.

"లాగండమ్మా" అన్నాడు నాయకుడు.

"ఒక మాట సెప్తాను. మైకియ్యి బాబూ" అంది అమ్మ.

మైకు పట్టుకున్న కుర్రాడు నాయకుడి వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు, ఎవరికీ కనపడదనుకుని. స్టేజీ కింద ఉన్న నాకు కనపడింది. కుర్రాడు మైకు ఇవ్వలేదు. అమ్మ తాడు వదిలేసి స్టేజీ అంచుకి వచ్చింది. ముందు వరసల్లో మా ఊరి ఆడవాళ్ళే ఉన్నారు. వాళ్ళతోనే మాట్లాడింది. పొలంలో దూరాన ఉన్నవాళ్ళని కేకేసే గొంతు ఆమెది. మైకు అక్కర్లేదు.

"ఇనండే. ఈ బొమ్మ నా కొడుకు కాదు. నా కొడుక్కి ఇంత మీసం నేదు. ఆడు ఎవుల మీదకీ యుద్దానికెల్లనేదు. దూరదేశంలో మననాంటి ఆడోల్లు అడివికి కట్టెలకెల్తే, ఆల్లనెవులూ పాడు సెయ్యకండా కాపలా ఎల్లినాడు. ఒక ముసలమ్మకి మోపు ఎత్తుతుంటే కాల్సేసినారు. ఆయమ్మ బతికినాది. నా కొడుకు పోనాడు. ఇదీ జరిగింది. ఇది సెప్పుకోడానికి సిగ్గేటి? మైకులో ఎందుకు సెప్పరు?"

మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నా మోపు కూడా ఎత్తేవోడే, ఎన్నిసార్లో" అంది. ఆ పక్కనావిడ "నాదీని" అంది. అంతలో సౌండు బాక్సుల్లో దేశభక్తి పాట మోగించేశారు. అమ్మ ఇంకేదో అంటోంది, పెదాలు కదలడమే కనపడింది. నాయకుడు తనే తాడు లాగేశాడు. తెర పడింది. చప్పట్లు కొట్టారు, బొమ్మ వెనక నుంచి కాగితం పువ్వులు ఎగిరాయి.

ఎవరో అమ్మ మాటలు ఫోనులో తీశారు. రెండు రోజుల్లో ఆ వీడియో అందరి ఫోనుల్లోకీ వెళ్ళిపోయింది. నా కొట్టుకొచ్చే బేరాలు కూడా నాకే చూపించేవారు, ఆమె మా అమ్మ అని తెలియక. కింద రాతలు చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఎవరో నేర్పించి మాట్లాడించారట. కన్నకొడుకు త్యాగాన్ని తల్లే తక్కువ చేస్తోందట. ఇలాంటి తల్లికి సర్కారు ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకోవాలట. ఒకడైతే దేశద్రోహి అని రాశాడు. దేశం కోసం కొడుకుని ఇచ్చింది ఆమె. రాసినవాడు ఏమిచ్చాడో నాకు తెలియదు. వాళ్ళకి కావలసింది మా తమ్ముడు కాదు, వాళ్ళ కోపానికి ఒక శవం. ఆ శవానికి తల్లి ఉండటం, ఆ తల్లికి నోరుండటం వాళ్ళకి అడ్డమొచ్చింది.

అమ్మకి ఇవేవీ నేను చెప్పలేదు. ఎవరో చెప్పారు. "రాయనీ. ఆల్లకి మాత్రం ఏటి తెలుసు" అని ఊరుకుంది. ఆమెకి ఉన్న ఓర్పు నాకు లేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అయితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో మా ఊరి సర్పంచి కూడా ఉంది. ఆడవాళ్ళకి కేటాయించిన సీటు కాబట్టి గెలిచింది. పనులన్నీ ఆమె మొగుడే చూసేవాడు, సర్పంచిగారూ అని జనం అతన్నే పిలిచేవారు. తర్వాత జరిగిన గ్రామసభకి ఆమె తనే వచ్చి కూర్చుంది. విగ్రహం దగ్గర రాయి మార్చాలని తనే లేచి చెప్పింది. మొగుడు, "నీకెందుకే ఇవన్నీ, ఆయనతో తగువు పెట్టుకుంటావేటి?" అన్నాడు అందరి ముందూ.

"సంతకం నాదే కదా. నాను పెడతాను" అంది ఆమె.

ఆడవాళ్ళు చేతులెత్తారు. తర్వాత మగవాళ్ళలో కొందరు ఎత్తారు. తీర్మానం అయింది. కాని రాయి తియ్యడానికి తాపీమేస్త్రీ ఒప్పుకోలేదు. దాని మీద నాయకుడి పేరుంది. ఆ పేరు మీద సుత్తి పెట్టడానికి మా మండలంలో ఎవరికీ గుండె చాలలేదు. చివరికి కుదిరింది ఏమిటంటే, పాత రాయి అలాగే ఉంచి, దాని కింద, దిమ్మ అడుగున, ఇంకో చిన్న రాయి పెట్టడం.

ఆ రాయి మీద మాటలు నేనూ నాన్నా కూర్చుని రాశాం. ఆఫ్రికాలో శాంతిసేనలో పనిచేస్తూ, కట్టెలకు వెళ్ళిన ఆడవారికి కాపలాగా ఉండి, వారిని కాపాడుతూ చనిపోయాడు. అంతే రాశాం. చెక్కే అతను మంచి మనిషే. "చనిపోయాడు అని ఉంటే బాగోదండీ, వీరమరణం పొందాడు అని చెక్కుతాను" అన్నాడు.

"సచ్చిపోనాడనే సెక్కు బాబూ. ఈరమరణం పైన ఉన్నాదిగా" అన్నాడు నాన్న.

ఇప్పుడు ఆ మలుపు దగ్గర మా తమ్ముడికి రెండు చావులున్నాయి. నిలబడి చదివితే ఒకటి, వంగి చదివితే ఒకటి. వంగేవాళ్ళు తక్కువ. జెండా పండగలకి వేసే దండలు కింద దాకా వేలాడి ఆ చిన్న రాయిని కప్పేస్తాయి. వానాకాలం బురద చిమ్మి అక్షరాలు పూడిపోతాయి. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా నేను ఆటో దిగి చీరకొంగుతో తుడుస్తాను. ఆటో డ్రైవర్లు హారన్ కొడతారు. కొట్టనీ అని మెల్లగా తుడుస్తాను.

మొన్న ఆగస్టు పదిహేనుకి నాయకుడు మళ్ళీ వచ్చాడు. దండ వేశాడు, మైకు తీసుకున్నాడు. మళ్ళీ అదే గొంతు. "మన సరిహద్దులో..." అని మొదలుపెట్టాడు.

"ఆఫ్రికా బాబూ" అంది జనంలోంచి ఒక ఆడగొంతు.

ఆయన ఆగి అటు చూశాడు. ఎవరన్నారో తెలియలేదు. అక్కడ పాతికమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, అందరూ ఆయన వైపే చూస్తున్నారు. "అవునవును, ఆఫ్రికా" అన్నాడు. అని, తన ఉపన్యాసంలోకి మళ్ళీ వెళ్ళిపోయాడు.

ఆ గొంతు మా అమ్మది కాదు. అమ్మ ఆ రోజు ఊడుపుల్లో ఉంది. రమ్మని పిలిస్తే రానంది.